ముందు నీళ్లు, తర్వాతే చేపలు

విశాఖపట్నం

చిరంజీవులు మనవడికీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

ఉప్పునీళ్ల అక్వేరియం కొనిస్తేగానీ అన్నం తినమని మీరిద్దరూ భీష్మించుకు కూర్చున్నారట. మీ అమ్మ ఫోన్ చేసి, "నాన్నా, నువ్వే ఏదో ఒకటి చెప్పి మాన్పించు" అంది. నేను మాన్పించను. కాకపోతే ఫోన్లో చెబితే ఊఁ కొట్టి పెట్టేస్తారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా పరువు తీసే కథ ఒకటి చెబుతాను. మీ అమ్మ ఆరో క్లాసులో ఉండగా నారింజ రంగు మీద తెల్ల చారలున్న చేపలు రెండు కొన్నాం, ఇప్పుడు మీరు అడుగుతున్నవే, క్లౌన్ ఫిష్. డబ్బాలు స్కూటర్‌కి కట్టుకుని వెళ్లి బీచ్ నుంచి నీళ్లు తెచ్చాను. పొద్దున తొట్టె నింపి సాయంత్రానికల్లా చేపల్ని వదిలేశాను. అమ్మినవాడు ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడో రోజుకి అవి పైకొచ్చి ఎగశ్వాస పీల్చడం మొదలెట్టాయి. ఐదో రోజు పొద్దున రెండూ తేలిపోయాయి. మీ అమ్మ ఆ రోజు స్కూలుకి వెళ్లలేదు. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. అంత తేట నీళ్లలో చేపలెందుకు చచ్చిపోయాయో నాకు చాలా ఏళ్లదాకా బోధపడలేదు.

చేప మొప్పల్లోంచి, దాని విసర్జనలోంచి, మిగిలిపోయిన తిండిలోంచి అమ్మోనియా పుడుతుంది. దానికి రంగుండదు. సముద్రపు నీటి పీహెచ్ 8 పైన ఉంటుంది కాబట్టి అదే అమ్మోనియా అక్కడ మరింత విషంగా పనిచేస్తుంది. మంచినీళ్లలో గప్పీ చేపల్ని పెంచిన ధీమాతో ఇక్కడ దిగితే దెబ్బ తినేది అందుకే. సముద్రంలో ఈ విషాన్ని తినే బాక్టీరియా ఉంటుంది. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. దాన్ని చేపలు చాలావరకు తట్టుకుంటాయి, మనం అప్పుడప్పుడూ కొంత నీరు మారిస్తే సరిపోతుంది. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా ఉండదు. తోడు వెయ్యని పాలు ఎంతసేపు పెట్టినా పెరుగవుతాయా? ఇదీ అంతే.

కాబట్టి తొట్టె నింపాక అందులో వెయ్యాల్సింది చేపని కాదు, చిన్న పచ్చి రొయ్య ముక్కని. అది కుళ్లాలి. కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, దాన్ని తిని బాక్టీరియా పెరుగుతుంది. వాసన వస్తుంది, మీ అమ్మ తిడుతుంది, ఓర్చుకోండి. రోజు విడిచి రోజు టెస్ట్ కిట్‌తో చూడాలి. చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, చీటీ మీద రాసినన్ని చుక్కల మందు వేసి, ఊపి, ఐదు నిమిషాలు ఆగండి. ఎక్కువగా దొరికే కిట్లలో నిమ్మపండు రంగు ఉంటే అమ్మోనియా లేనట్టు. ఆకుపచ్చకి తిరిగేకొద్దీ విషం పెరిగినట్టు. మొదటి వారాల్లో ముదురు ఆకుపచ్చ అవుతుంది, భయపడకండి. తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది, ఆపైన అదీ తగ్గుతుంది. ఇంతా అయ్యేసరికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీకు తెలిసినవాళ్ల ఇంట్లో బాగా నడుస్తున్న ఉప్పునీళ్ల తొట్టె ఉంటే, వాళ్ల ఫిల్టర్‌లోని స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. పక్కింటి తోడు లాగే అదీ పని త్వరగా కానిస్తుంది. మధ్యలో రాళ్లకి గోధుమరంగు జిగురు పడుతుంది. తొట్టె పాడైందని టెన్షన్ పడొద్దు, అది వచ్చి పోయేదే.

ఇక ఉప్పు సంగతి. "ఉప్పు సముద్రంలోంచే వస్తుంది కదా, మళ్లీ నీళ్లలో కలిపితే సముద్రం అవ్వదా?" అని చిన్నాడు అడిగాడట. భలే అడిగావురా!

మా అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర. వేసవి సెలవుల్లో ఉప్పుమళ్ల గట్ల మీదే మా ఆటలు. సముద్రపు నీటిని మడిలోంచి మడిలోకి మళ్లిస్తూ ఎండబెడతారు. నీరు చిక్కబడుతుంటే ముందు సున్నం, తర్వాత జిప్సం అడుగుకి దిగిపోతాయి. ఆ తర్వాతి మడిలో మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. చివర్న మిగిలిన చేదు నీళ్లలో మెగ్నీషియం ఉండిపోతుంది, వాటిని వదిలేస్తారు. అంటే ఉప్పు మన వంటింటికి చేరేలోపే సముద్రంలోని మిగతా సరుకు చాలావరకు దారిలోనే విడిపోయిందన్నమాట. దానికి తోడు ప్యాకెట్ ఉప్పులో అయోడిన్, గడ్డకట్టకుండా వేసే పొడి కూడా ఉంటాయి. అందుకే అన్నీ పాళ్లలో కలిపి అమ్మే అక్వేరియం ఉప్పే కొనాలి.

లీటరు సముద్రపు నీటిలో ఇంచుమించు 35 గ్రాముల లవణాలుంటాయి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టెలో రాళ్లూ ఇసకా పోను 150 లీటర్లు పడతాయనుకుందాం. పొడిలో తేమ కూడా ఉంటుంది కాబట్టి 5.5 నుంచి 6 కిలోలు అవసరం. దాన్ని విడిగా డ్రమ్ములో కలిపి, రాత్రంతా పంపుతో తిప్పి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 చూపించాకే తొట్టెలో పొయ్యండి. మా నాన్న విత్తనం వడ్లలో తాలు తియ్యడానికి ఉప్పునీళ్లు కలిపి, కోడిగుడ్డు తేలిందా లేదా అని చూసేవాడు. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. తాజా గుడ్డు తేలిందంటే ఆ నీళ్లు సముద్రం కన్నా బాగా ఉప్పన.

హైదరాబాద్ బోరు నీళ్లు మాత్రం వద్దు. ఆర్వో నీళ్లు వాడండి. అయితే తాగే నీళ్లలో కొన్ని మెషీన్లు ఖనిజాలు మళ్లీ కలుపుతాయి, నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. ఇక్కణ్ణుంచి సముద్రపు నీళ్లే డబ్బాల్లో పంపనా అంటే, ఒడ్డు దగ్గర ఏ మురుగు కలుస్తుందో ఎవరికెరుక? పైగా వర్షాకాలం వెళ్లేటప్పటికి నదుల నీరు బంగాళాఖాతంలో కలిసి, మా తీరాన ఉప్పదనమే తగ్గిపోతుంది.

తొట్టె మీద నీటిమట్టానికి టేపు అంటించుకోండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తగ్గినంతా ఉత్త ఆర్వో నీరే పొయ్యాలి. ఉప్పునీళ్లు పోస్తూ పోతే మీ హాల్లో ఉప్పుమడి తయారవుతుంది. నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో నీటి మీదకి చిన్న ఫ్యాన్ తిప్పితే కాస్త దిగుతుంది, ఆవిరి కూడా పెరుగుతుంది, టేపు మీద ఓ కన్నుండాలి. స్కిమ్మర్ అనే పరికరం, బెల్లం పాకంలో తెట్టు తీసినట్టు, నురగతో మలినాన్ని లాగేస్తుంది. కరెంటు పోతే పనికొచ్చే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

మీ అమ్మమ్మ రాగిచెంబుతో అందులో నీళ్లు పొయ్యబోతే ఆపండి. నత్తలకీ, రొయ్యలకీ రాగి విషం. దోమల మందు మెషీన్ కూడా ఆ గదిలో పెట్టొద్దు.

రాళ్లు కొనేటప్పుడు ఆరినవో, పింగాణీవో తీసుకోండి. సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్లని ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా వద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి మన పగడాలకీ, సముద్రగుర్రాలకీ రక్షణ ఉంది. చేపలు కూడా పెంపకం కేంద్రంలో పుట్టినవేనా అని అడగండి. క్లౌన్ ఫిష్‌తో గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు ఎప్పుడో సాధించారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. ఇవన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడదవుతుంది. ఆ ఆడది పోతే దాని జోడు ఆడదిగా మారుతుంది. బాగా చూసుకుంటే పదేళ్లకు పైనే బతుకుతాయి. అప్పటికి మీలో పెద్దది ఉద్యోగంలో ఉంటుంది, తిండి వేసేదెవరో ఇప్పుడే తేల్చుకోండి.

రొయ్య ముక్క వేసిన తేదీ క్యాలెండర్లో రాసి పెట్టండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగిన రోజు నాకు ఫోన్ చెయ్యండి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకుంటాను. షాపుకి మీ అమ్మని కూడా తీసుకెళ్దాం. తనకి నేను రెండు చేపలు బాకీ.

ఆశీస్సులతో,
తాతయ్య