వేవ్‌లెట్లతో మంటను లెక్కగట్టడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

మామూలు వాతావరణ పీడనంలో మీథేన్ మంట మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో పది బిందువులైనా పడాలంటే, పది సెంటీమీటర్ల పెట్టె మొత్తానికీ అంతే దగ్గరగా గ్రిడ్ వేస్తే 800 కోట్ల బిందువులు కావాలి. అందుకే మంటలను కంప్యూటర్లో లెక్కగట్టే మాకు వేవ్‌లెట్లతో పని పడింది. వేవ్‌లెట్ అంటే కొద్ది చోటుకే పరిమితమైన చిన్న అల. ఏ లెక్కనైనా రకరకాల సైజుల (స్కేళ్ల) ఇలాంటి అలలుగా విడదీయొచ్చు, ఒక్కో అల ఎంత ఉందో చెప్పే అంకే దాని గుణకం. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు వాటి గురించి తరచూ అనే మాటలు ఇవి.

అపోహ: వేవ్‌లెట్ అంటే ఒక టర్బులెన్స్ (సుడులు తిరిగే అల్లకల్లోల ప్రవాహం) మోడల్.
కాదు. గ్రిడ్ ఎక్కడ దగ్గరగా వేయాలో, ఎక్కడ పలచగా వేసినా సరిపోతుందో అది చెబుతుంది. గ్రిడ్‌కు అందని చిన్న సుడుల ప్రభావానికి మోడల్ విడిగా ఉండాల్సిందే.

అపోహ: ఫొటో సైజు తగ్గించడం లాంటిదే ఇదీ.
జేపెగ్ 2000 కూడా వేవ్‌లెట్లతోనే పనిచేస్తుంది, నిజమే. కానీ అక్కడ ఫొటో ముందే చేతిలో ఉంటుంది. మా దగ్గర తర్వాతి క్షణపు ఫొటో ఉండదు, దాన్నే మేం లెక్కగట్టాలి. మంట అంచు ఎటు జరిగినా అక్కడ గ్రిడ్ ముందే సిద్ధంగా ఉండాలి. అందుకని పెద్ద గుణకం కనిపించిన ప్రతిచోటా దాని ఇరుగుపొరుగునీ, ఒక మెట్టు చిన్న స్కేలునీ అట్టిపెట్టుకుంటాం. ప్రస్తుతానికి అక్కడ విలువలు దాదాపు సున్నా. దండగని తీసేశారా, మంట గ్రిడ్ దాటి వెళ్లిపోతుంది.

అపోహ: 3 శాతం గుణకాలు ఉంచుకుంటే చాలు.
2001లో ఫ్రెంచి శాస్త్రవేత్త మారీ ఫార్జ్, ఆమె సహచరులు ఒక టర్బులెంట్ ప్రవాహంలో దాదాపు 3 శాతం వేవ్‌లెట్ గుణకాల్లోనే సుమారు 99 శాతం శక్తి ఉందని చూపించారు. అందరూ చెప్పేది ఈ అంకే. అయితే ఆ ప్రవాహంలో మండేదేమీ లేదు.

మంట వచ్చిందంటే కథ మారిపోతుంది. మీథేన్‌కు బాగా వాడే రసాయన చర్యల జాబితా జీఆర్‌ఐ-మెక్ 3.0లో 53 పదార్థాలు, 325 రసాయన చర్యలు ఉన్నాయి. వాటిలో హైడ్రోజన్ పరమాణువు, హెచ్‌ఓ2 లాంటి రాడికల్స్ (చురుగ్గా చర్య జరిపే ముక్కలు) మోతాదు చాలా తక్కువ. మంట అంటుకోవడం మాత్రం వాటి చేతుల్లోనే ఉంది. నేను మొదట్లో అన్నిటికీ ఒకే త్రెషోల్డ్ (ఇంతకన్నా చిన్న గుణకాలను తీసేయాలనే హద్దు) పెట్టాను. మంట అంటుకోలేదు. టెన్షన్‌తో రెండు రోజులు రసాయన చర్యల ఫైలంతా వెతికాను. చివరికి చూస్తే, రాడికల్స్ మొత్తాన్నీ నా త్రెషోల్డే ఊడ్చేసింది! అప్పటినుంచి ప్రతి పదార్థానికీ దాని గరిష్ఠ విలువను బట్టి విడిగా త్రెషోల్డ్ పెడుతున్నాను.

అపోహ: బిందువులు పదో వంతైతే వేగం పది రెట్లు.
అంత రాదు. మామూలు గ్రిడ్‌లో పక్క బిందువు ఎక్కడుందో వెతకక్కర్లేదు, ఇక్కడ వెతకాలి. మంట కదిలిన కొద్దీ ప్రాసెసర్ల మధ్య పని మళ్లీ పంచాలి. టైమ్ స్టెప్‌ను (ఒక్కో లెక్కలో ముందుకు జరిగే కాలాన్ని) సాధారణంగా అతి చిన్న గడే నిర్ణయిస్తుంది. మంట ముడతలు పడి పెట్టంతా నిండిపోతే ఆ పదో వంతు కూడా మిగలదు.

అపోహ: ఇక ఫూరియేతో (పెట్టంతా పరుచుకున్న అలలుగా విడదీసే పద్ధతితో) పనిలేదు.
అన్ని వైపులా ఒకేలా ఉండి, హద్దుల దగ్గర పునరావృతమయ్యే పెట్టెలో, మంట లేని టర్బులెన్స్‌కు నేను ఇప్పటికీ ఫూరియే లెక్కను వేగంగా చేసే ఎఫ్‌ఎఫ్‌టీనే వాడతాను.