మిడ్‌లాండ్ గురించి చెప్పుకునేది వేరు, దస్తావేజుల్లో ఉన్నది వేరు

పశ్చిమ టెక్సాస్‌లోని మిడ్‌లాండ్‌లో నేను ల్యాండ్‌మ్యాన్‌ని. ఒక నేల చెక్క కింద ఉన్న చమురు ఎవరిదో తేల్చడానికి కౌంటీ ఆఫీసులో కూర్చుని పాత రిజిస్టర్లు తిరగేయడం నా పని. మన దగ్గర పొలం కొనేముందు ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లు చూసుకుంటాం కదా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ 1880ల దాకా వెనక్కి వెళ్లాలి. అందుకే ఈ ఊరి గురించి పదేపదే వినపడే కొన్ని మాటలను సరిదిద్దాలనిపించింది.

అపోహ: ఇది చమురు కోసం పుట్టిన ఊరు.

ఊరిని పుట్టించింది రైలు. 1881లో టెక్సాస్ అండ్ పసిఫిక్ రైల్వే ఫోర్ట్‌వర్త్‌కూ ఎల్‌పాసోకూ నడిమధ్యన ఒక స్టేషన్ వేసి మిడ్‌వే అని పేరు పెట్టింది. ఆ పేరుతో వేరే ఊళ్లు ఉండడంతో 1884లో పోస్టాఫీసు వచ్చినప్పుడు మిడ్‌లాండ్ అయింది. మొదట వచ్చి స్థిరపడిన హర్మన్ గారెట్ తోలుకొచ్చింది గొర్రెల మందను. ఆవుల మందలు, పెద్ద రాంచ్‌లు (పశువులు పెంచే విశాలమైన భూములు) ఆ తర్వాతి కథ. దగ్గర్లో ఏరు లేదు, నీళ్లు కావాలంటే నేలలోంచి తోడుకోవాల్సిందే. పెరటి పెరటికీ గాలిమర లేచి, గాలిమరల ఊరని పేరుపడింది.

అపోహ: రైలు వచ్చేదాకా ఇది ఎవరిదీ కాని ఖాళీ నేల.

ఇది కొమాంచీలనే మూలవాసి తెగవాళ్లు తిరిగిన నేల. వాళ్ల చివరి దళం ఫోర్ట్ సిల్ అనే సైనిక స్థావరం దగ్గర లొంగిపోయింది 1875లో, అంటే రైలు రావడానికి ఆరేళ్ల ముందు. నేను చదివే హక్కుల వరుస మాత్రం రాష్ట్ర ప్రభుత్వంతోనో రైల్వే కంపెనీతోనో మొదలవుతుంది. బేసి నంబరు సెక్షన్లు రైల్వేకి, సరి నంబరువి బడుల నిధికి. ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. కొమాంచీల పేరు ఏ పేజీలోనూ కనపడదు. ఇన్నేళ్ల తర్వాత కూడా మొదటి పేజీ తెరిచినప్పుడు నాకు అదే గుర్తొస్తుంది.

అపోహ: ఊళ్లో చమురు పడింది కాబట్టే మేడలు లేచాయి.

ఈ ప్రాంతంలో మొదటి చమురు 1920లో మిచెల్ కౌంటీలో పడింది. అందరూ చెప్పుకునే సాంటా రీటా బావి దాని తర్వాతిది. రీగన్ కౌంటీలో దాదాపు 21 నెలలు తవ్వితే 1923 మే 28న సుమారు 3,050 అడుగుల లోతు నుంచి చమురు పైకి చిమ్మింది. ఎందుకూ పనికిరావని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చిన భూములవి! మిడ్‌లాండ్‌కు రైలుంది, బ్యాంకులున్నాయి, కాబట్టి కంపెనీల ఆఫీసులు ఇక్కడికొచ్చాయి. 1929లో 12 అంతస్తుల పెట్రోలియం బిల్డింగ్ లేచేనాటికి మిడ్‌లాండ్ కౌంటీలో చుక్క చమురు తీసింది లేదు. అది 1940ల మాట. ఈ మధ్యలో, 1932 నాటికి ఊళ్లో పనిచేసేవాళ్లలో మూడోవంతు మంది పని లేక రోడ్డున పడ్డారు.

అపోహ: చమురు పడగానే రాంచర్లంతా కోటీశ్వరులైపోయారు.

ఎక్కువగా వినేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. టెక్సాస్‌లో నేల పైభాగం ఒక ఆస్తి, కింది ఖనిజం మరో ఆస్తి. నేల అమ్ముతూ ఖనిజం తన దగ్గరే ఉంచుకోవచ్చు. మన గోదావరి జిల్లాల్లో పొలంలో గ్యాస్ బావి వేస్తే రైతుకు భూమి తాలూకు డబ్బు ముడుతుంది తప్ప గ్యాస్‌లో వాటా రాదు. ఇక్కడ వాటా ఉంటుంది, కానీ ఎవరికన్నదే చిక్కు. 1895, 1931 మధ్య బడుల నిధి భూములు చాలా వరకు ఖనిజ హక్కు రాష్ట్రానికే ఉంచి అమ్మారు. వాటిలో రాంచర్ రాష్ట్రం తరఫున చమురు కంపెనీతో లీజు కుదిర్చి, వచ్చినదాంట్లో సగం తీసుకుంటాడు.

మామూలు భూముల లెక్క ఇంకో రకం. ఒకసారి నా బల్ల మీదికొచ్చిన దస్తావేజులో, 1920ల్లో సెక్షన్ అమ్మినాయన ఖనిజంలో సగం ఉంచుకున్నాడు. ఆయనకు నలుగురు పిల్లలు. తలా 1/8. అందులో ఒకావిడకు మళ్లీ నలుగురు, తలా 1/32. పాత లీజుల్లో రాయల్టీ, అంటే తీసిన చమురులో ఖనిజ హక్కుదారులకు కంపెనీ ఇచ్చే వాటా, ఎనిమిదో వంతే. అంటే ఆ మనవడికి దక్కేది 256 పీపాలకు ఒక పీపా. మాసిపోయిన సిరాలో ఆ భిన్నాలన్నీ కూడి మొత్తం ఒకటి వచ్చేదాకా నేను లేవలేదు.

మిగతా సగం కూడా చేతులు మారుతూ పోయింది. ఇప్పుడు ఆ నేల మీద ఆవులు మేపుకునే పెద్దావిడకు ఖనిజంలో అణా వాటా లేదు. లీజు ఉన్న కంపెనీ చట్ట ప్రకారం బావికి అవసరమైనంత మేర ఆవిడ నేలలో దారి వేసుకోవచ్చు, అడ్డుకునే హక్కు ఆవిడకు లేదు. కాగితాలు చూపించడానికి వెళ్తే కాఫీ ఇచ్చి, కిటికీలోంచి పంపుజాక్ (బావిలోంచి చమురు తోడే యంత్రం) చూపించింది. దాని నీడలో రెండు దూడలు పడుకుని ఉన్నాయి. "మా ఆయన బతికుండగా ఈ కాగితం ఎవరూ మాకు చదివి వినిపించలేదు" అంది.