డిలే పెడల్‌లో బుస ఎక్కడ పుడుతుంది?

ఇంట్లో సోల్డర్ చేసుకున్న ఓవర్‌డ్రైవ్ పెడల్ కాస్త బుసకొట్టినా పెద్దగా పట్టించుకోం. గిటార్ మోత దాన్ని కప్పేస్తుంది. స్వరాన్ని కాస్త ఆలస్యంగా ప్రతిధ్వనిలా తిరిగి వినిపించే డిలే సర్క్యూట్‌లో అలా కుదరదు. చిప్ నుంచి బయటికొచ్చిన ప్రతిధ్వనిలో కొంత ఫీడ్‌బ్యాక్ దారిలో మళ్లీ చిప్‌లోకే వెళ్తుంది, దాని వెంటే బుస కూడా వెళ్తుంది. స్వరం చుట్టు చుట్టుకీ సన్నగిల్లుతుంటే, ప్రతి చుట్టులో కొత్త బుస వచ్చి చేరుతుంది. అందుకే డిలేలో నాయిస్‌ని చివర్లో కోసేద్దామంటే ఆలస్యమైపోతుంది.

ముందు చెవికి పని చెప్పాలి. సన్నటి బుస వేరు, గుయ్‌మనే హమ్ వేరు, డిలే నాబ్ తిప్పుతుంటే పిచ్ మారే ఈల వేరు. హమ్ వస్తుంటే అడాప్టర్ తీసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టి చూడండి. ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది సప్లైని. నాబ్‌తో పాటు మారే ఈల మాత్రం దాదాపు ఎప్పుడూ క్లాక్‌దే, అంటే చిప్‌ను అడుగు అడుగునా నడిపే టిక్‌టిక్ సిగ్నల్‌దే.

ఈ క్లాక్ ఎందుకంటే, 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ రూపొందించిన బకెట్ బ్రిగేడ్ చిప్ దాని తాళానికే నడుస్తుంది. వరసగా నిలబడ్డవాళ్లు నీళ్ల బకెట్‌ను చేతులు మార్చుకున్నట్టు, ఒక కెపాసిటర్‌లోని చార్జ్ పక్కదానికి, అక్కణ్ణుంచి ఆ పక్కదానికి వెళ్తుంది. ఎంఎన్3005 చిప్‌లో ఇలాంటి మెట్లు 4096. క్లాక్‌ను 10 కిలోహెర్ట్జ్‌కి దించితే సుమారు 205 మిల్లీసెకన్ల డిలే వస్తుంది. చిక్కేమిటంటే 10 కిలోహెర్ట్జ్ మన చెవికి వినిపించే శబ్దమే. ఒక్క రెసిస్టర్, ఒక్క కెపాసిటర్‌తో కట్టిన ఫిల్టర్ ఆక్టేవ్‌కి 6 డెసిబెల్సే తగ్గిస్తుంది, ఈలకి అది ఏ మూలకీ చాలదు. ఆప్-ఆంప్ అనే చిన్న యాంప్లిఫయర్ చిప్‌తో రెండు మూడు దశల ఫిల్టర్ కట్టాలి, అదీ చిప్‌కి ముందు ఒకటి, వెనక ఒకటి. ప్రతిధ్వనిలో మెరుపు కొంత పోతుంది. పోనివ్వండి, పాత అనలాగ్ డిలేల మెత్తదనం చాలావరకు అక్కణ్ణుంచి వచ్చిందే.

ఇళ్లలో కట్టేవాళ్లు ఎక్కువగా వాడేది పీటీ2399 అనే డిలే చిప్. ఇది ఆలస్యాన్ని డిజిటల్‌గా కల్పిస్తుంది, నడిచేది 5 వోల్టుల మీద. రెగ్యులేటర్‌ను, 100 నానోఫారడ్ కెపాసిటర్‌ను చిప్ కాళ్లకి ఆనించినంత దగ్గరగా పెట్టండి. అనలాగ్ గ్రౌండ్ 3వ కాలు, డిజిటల్ గ్రౌండ్ 4వ కాలు. రెండిటినీ చిప్ దగ్గరే కలిపి, అక్కణ్ణుంచి సప్లై గ్రౌండ్‌కి పొట్టి దారి ఇవ్వాలి. క్లాక్ తాలూకు కరెంటు కుదుపులు గిటార్ సిగ్నల్ గ్రౌండ్ మీదుగా ప్రయాణిస్తే ఎంత మంచి ఫిల్టరూ ఆదుకోదు.

అన్నిటికంటే ఫలితమిచ్చేది లెవెల్. చిప్ చేర్చే బుస సిగ్నల్ చిన్నదైనా పెద్దదైనా దాదాపు అంతే ఉంటుంది. గిటార్ సిగ్నల్‌ను చిప్‌కి ముందు రెట్టింపు చేసి, తర్వాత సగానికి తగ్గిస్తే చిప్ బుస 6 డెసిబెల్స్ దిగుతుంది. గట్టిగా మీటినా సిగ్నల్ చితికిపోని హద్దు దాకా పెంచుకోవచ్చు. కంపాండర్ అనే సర్క్యూట్ చేసేదీ ఇదే పని, కాకపోతే తనంతట తానే చేస్తుంది. దాని సెట్టింగ్ కుదరకపోతే స్వరం ఆగిపోయే చోట బుస ఊపిరి తీసినట్టు వినిపిస్తుంది.

చాలామంది మొదట చేసేది ఆప్-ఆంప్ మార్చడం. నా లెక్కలో అది చిట్టచివరి పని. 1928లో జాన్సన్, నైక్విస్ట్ చూపించినట్టు ప్రతి రెసిస్టరూ తన వేడికే నాయిస్ పుట్టిస్తుంది, విలువ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. మామూలు టీఎల్072 ఆప్-ఆంప్ నాయిస్ దాదాపు 20 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో సమానం. అసలు స్వరాన్నీ ప్రతిధ్వనినీ కలిపే మిక్సర్ దశలో 470 కిలోఓమ్‌ల రెసిస్టర్లు పెట్టుకుని ఖరీదైన ఆప్-ఆంప్ వేస్తే తేడా ఎక్కడ వినిపిస్తుంది? ముందు వాటిని 22 కిలోఓమ్‌లకి దించండి. ఇన్‌పుట్ దగ్గరి 1 మెగోమ్ మాత్రం అలాగే ఉండాలి. గిటార్ పికప్ దానికి సమాంతరంగా ఉంటుంది కాబట్టి దాని నాయిస్ చాలావరకు అణిగిపోతుంది.

ఇక పీటీ2399ని సుమారు 340 మిల్లీసెకన్లు దాటించి సాగదీస్తే బుస, గరగర రెండూ పెరుగుతాయి. 600 కావాలంటే ఒక్కోటి 300 దగ్గర నడిచేలా రెండు చిప్‌లు వరసగా పెట్టడం మేలు. అప్పుడు రెండు క్లాక్‌లు ఒకదానితో ఒకటి కలిసి కొత్త ఈల పుట్టించవచ్చు. ఒక్కో చిప్‌కి విడిగా రెగ్యులేటర్ ఇచ్చి, రెండిటి మధ్య ఇంకో ఫిల్టర్ పెట్టాలి.