బొటిక్ ట్యూబ్ ఆంప్ కొనే ముందు: అపోహలు - వాస్తవాలు

బొటిక్ అనగానే మన ఇళ్లలో చీరలు, మగ్గం పని బ్లౌజులు గుర్తొస్తాయి. గిటార్ వాయించేవాళ్లకు ఆ మాటకు అర్థం వేరు. చిన్న కార్ఖానాలో, కొద్దిమంది చేతుల మీదుగా, కొద్ది సంఖ్యలో తయారయ్యే, గాజు ట్యూబులతో గిటార్ ధ్వనిని పెంచే ట్యూబ్ ఆంప్లిఫయర్‌ను వాళ్లు బొటిక్ ఆంప్ అంటారు. అయినా పోలిక పూర్తిగా తప్పు కాదు. రెడీమేడ్ చొక్కాకూ కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాకూ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. ఎవరి కొలతలకో కుట్టిన ఖరీదైన చొక్కాను మోజుపడి కొనుక్కునేవాళ్లు కూడా ఇక్కడ తక్కువేమీ కాదు.

నేను హైదరాబాద్‌లో ఆంప్‌లు బాగుచేస్తాను. పోయిన ఏడాది ఒక కుర్రవాడు అమెరికా నుంచి తిరిగొస్తూ తెచ్చుకున్న ఆంప్‌ను నా బల్ల మీద పెట్టాడు. స్పీకర్‌ను నడిపే రెండు 6వీ6 పవర్ ట్యూబులు, పన్నెండు అంగుళాల స్పీకర్, 22 వాట్లు. "అన్నా, ఆన్ చేయగానే ఫ్యూజు పోయింది. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే ఏదో సర్దాడు. తర్వాత పొగ వచ్చింది" అన్నాడు. ఫ్యూజు మూత విప్పితే కాలిపోయిన గాజు ఫ్యూజు చుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం నీటుగా చుట్టి ఉంది. వెనక పలక తీయకముందే వార్నిష్ మాడిన వాసన ముక్కుకు తగిలింది.

అపోహ: ఇంత ఖరీదైన ఆంప్ ఏ కరెంటుకైనా సర్దుకుంటుంది.

వాస్తవం: అలా సర్దుకునేది ఫోను ఛార్జర్. ట్యూబ్ ఆంప్‌లో ఉండేది ఇనుప రేకుల మీద రాగి తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్. అమెరికాలో 120 వోల్టులు, మన గోడలో 230. 6.3 వోల్టులు అందాల్సిన ట్యూబు ఫిలమెంటుకు పన్నెండు అందుతాయి, మిగతా వోల్టేజీలన్నీ దాదాపు రెట్టింపవుతాయి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే వోల్టేజీ దిగుతుంది కానీ ఫ్రీక్వెన్సీ మారదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. అరవైకే సరిపోయేటట్టు బొటాబొటి ఇనుముతో చేసిన ట్రాన్స్‌ఫార్మర్ యాభై మీద అదనంగా వేడెక్కుతుంది. కాబట్టి కొనే ముందు తయారీదారును అడగాల్సిన మొదటి ప్రశ్న టోన్ గురించి కాదు, 230 వోల్టుల ప్రైమరీ (గోడ కరెంటు అందుకునే చుట్ట) ఉందా లేదా అన్నది. అనేక చిన్న సంస్థలు అడిగితే ఆ ట్రాన్స్‌ఫార్మరే వేసి పంపుతాయి.

అపోహ: వాట్లు ఎక్కువైతే మోత అంతకంత పెరుగుతుంది.

వాస్తవం: 50 వాట్లకూ 100 వాట్లకూ తేడా 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే దాదాపు పది రెట్లు శక్తి కావాలి. అంటే 5 వాట్ల ఆంప్ కన్నా 50 వాట్లది సుమారు రెండింతలు గట్టిగా వినిపిస్తుంది, అంతే. అసలు మలుపు స్పీకర్ దగ్గరుంది. 97 డెసిబెల్స్ సామర్థ్యమున్న (ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో అంత మోత చేసే) స్పీకర్ తీసి 100 ఉన్నది బిగిస్తే, ఆంప్‌లో ఒక్క తీగ కదలకుండానే వాట్లు రెట్టింపైనట్టు. నా దగ్గరికొచ్చే చాలామంది అపార్ట్‌మెంట్లలో వాయించేవాళ్లు. వాళ్లకు 100 వాట్ల ఆంప్ అమ్మడమంటే గోదావరి పడవను తీసుకెళ్లి ఇంటి తొట్టిలో వదలమనడమే. ట్యూబు తియ్యగా బొంగురుపోయే చోటు వాల్యూమ్ పైభాగంలో ఉంటుంది. పక్కింటివాళ్లు తలుపు కొట్టకుండా అక్కడికి చేరాలంటే చిన్న ఆంపే దారి.

అపోహ: క్లాస్ ఏ ఆంప్ (పవర్ ట్యూబుల్లో కరెంటు ఒక్క క్షణమూ ఆగకుండా పారే రకం) మేలు రకం. బ్రిటిష్ ఆంప్ వాక్స్ ఏసీ30 అందుకే అంత బాగుంటుంది.

వాస్తవం: ఏసీ30 బాగుంటుంది, అందులో నాకు పేచీ లేదు. కానీ ఒక చిన్న లెక్క చూడండి. అందులో నాలుగు ఈఎల్84 ట్యూబులున్నాయి. ఒక్కో ట్యూబు ఆనోడు (లోపల ఎలక్ట్రాన్లు చేరే లోహపు పలక) భరించగల వేడి 12 వాట్లని ట్యూబు తయారీదారుల పత్రాల్లోనే ఉంటుంది. నాలుగూ కలిపి 48. అసలుసిసలు క్లాస్ ఏలో ఆనోడ్లు తీసుకునే శక్తిలో సగానికి మించి బయటికి రాదు. అంటే ఆ హద్దులో ఉన్నంతకాలం 24 వాట్లు. మరి పేరులోని 30 ఎక్కడిది? గట్టిగా వాయించినప్పుడు అది ట్యూబులు వంతులవారీగా కాసేపు కరెంటు ఆపే క్లాస్ ఏబీలోకి జారుతుంది కాబట్టి. దాని గుణమంతా ట్యూబు తన కరెంటును తనే సర్దుకునే కాథోడ్ బయాస్‌లోనూ, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చే ధ్వని సంకేతంలో కొంత వెనక్కి తిప్పి దిద్దుకోవడం) లేకపోవడంలోనూ ఉంది. 1989లో మొదలైన మ్యాచ్‌లెస్ సంస్థ డీసీ-30తో పట్టుకున్నదీ ఆ గుణాన్నే. ప్రకటనలో "క్లాస్ ఏ" అని కనిపిస్తే నేను చదవడం ఆపి ట్యూబులనూ స్పీకర్‌నూ కలిపే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎంత ఉందో చూస్తాను.

అపోహ: గొప్ప ఆంప్‌లలో ఎవరికీ తెలియని రహస్య సర్క్యూట్ ఉంటుంది.

వాస్తవం: ఈ అపోహకు కొంత కారణం హోవర్డ్ అలెగ్జాండర్ డంబుల్. 2022లో కన్నుమూసిన ఈ కాలిఫోర్నియా ఆంప్ తయారీదారు తన సర్క్యూట్‌లోని కీలక భాగం మీద రాయిలా గట్టిపడే జిగురు ఎపాక్సీ పోసేసేవాడు. దాచినదాని మీద మనిషికి ఆశ ఎక్కువ. ఆ ఎపాక్సీని గీకి చూసినవాళ్లకు కనిపించింది చాలావరకు అమెరికా కంపెనీ ఫెండర్ ఆంప్‌ల వంశవృక్షమే, దాని మీద ఆయన సొంత మెరుగులు. ఆయన అసలు విద్య దర్జీ విద్య. కొనేవాడు తీగను ఎలా మీటుతాడో చూసి, వాడి చేతికి తగ్గట్టు విలువలు మార్చేవాడు. ఆ చేతికి కుట్టిన ఆంప్‌కు నకలు తీసి మరో చేతికి తొడిగితే భుజాల దగ్గర వదులుగా ఉండక ఏం చేస్తుంది?

ఒకే సర్క్యూట్ రెండు గొంతులతో ఎలా పలుకుతుందో చెప్పడానికి ఇంకా పాత ఉదాహరణ ఉంది. 1960ల మొదట్లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన జేటీఎం45 ఆంప్, ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ ఆంప్‌కు దాదాపు నకలు. కానీ మొదటి ట్యూబు మారింది, ఫీడ్‌బ్యాక్ తీసుకునే చోటు మారింది, పవర్ ట్యూబుల స్థానంలోకి కొన్నాళ్లకు కేటీ66లు వచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, వెనక తెరిచి ఉన్న పెట్టెలోని నాలుగు పది అంగుళాల జెన్సెన్ స్పీకర్లు పోయి, మూసిన పెట్టెలో నాలుగు పన్నెండు అంగుళాల సెలెస్చన్‌లు వచ్చాయి. కాగితం మీద అన్నదమ్ములు, చెవికి వేర్వేరు ఊళ్లవాళ్లు.

అపోహ: చేత్తో తీగలు కలిపిన ఆంపే మంచిది, సర్క్యూట్ బోర్డు ఉంటే నాసిరకం.

వాస్తవం: ఎలక్ట్రాన్‌కు తను వెళ్తున్నది తీగలోనా బోర్డు మీది రాగి గీతలోనా అన్న పట్టింపు లేదు. బాగుచేసే నాకు ఉంది. ట్యూబు సాకెట్లు, నాబ్‌ల పొటెన్షియోమీటర్లు నేరుగా బోర్డుకే అతికించి ఉంటే, యాభై రూపాయల భాగం మార్చడానికి మొత్తం బోర్డు పీకాలి. పైగా వేడెక్కే సాకెట్ చుట్టూ టంకం పగుళ్లు తేలుతుంది. సాకెట్లు లోహపు చట్రం చాసిస్‌కు బిగించి బోర్డును విడిగా పెట్టిన ఆంప్‌తో నాకు ఏ గొడవా లేదు. పాత ఫెండర్లలోని నల్లటి ఫైబర్ పలకలను "చేతి పని" అంటూ కళ్లకద్దుకుంటారు. అవి తేమ పీల్చుకుంటే కరెంటును దారి తప్పించి గరగరలు పుట్టిస్తాయి. విశాఖలాంటి సముద్రపు గాలిలో ఉండేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అపోహ: పాత కాలపు ట్యూబులు వేస్తే ఏ ఆంపైనా మారిపోతుంది.

వాస్తవం: మారేది కొద్దిగా, ఖర్చయ్యేది బాగా. ఇంగ్లండ్ ముల్లార్డ్‌ల సంగతి సరే, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు రేడియోల కోసం చేసిన వాల్వులను (ట్యూబులకే మరో పేరు) కూడా ఇప్పుడు విదేశాలవాళ్లు వెతికి కొంటున్నారు. తాతగారి రేడియోలోంచి తీసిన ఈఎల్84 తెచ్చి "ఇది వేయండి" అనేవాళ్లూ ఉన్నారు. వేసే ముందు ప్రతిదాన్నీ పరీక్షిస్తాను. ఆంప్ ఆన్ చేసి, వాల్యూమ్ సగానికి పెట్టి, పెన్సిల్ వెనక కొసతో గాజును మెల్లగా తట్టడం. మంచి ట్యూబు "టుక్" అని ఊరుకుంటుంది. లోపలి భాగాలు వదులైనది చిన్న గుడి గంటలా "టింగ్" అని సాగదీస్తుంది. అలా సాగేది ఎంత పాతదైనా, ఎంత పేరున్నదైనా గిటార్ సంకేతం ముందుగా చేరే మొదటి ట్యూబు స్థానంలో పనికిరాదు.

అపోహ: ప్లగ్ తీసేశాం కాబట్టి విప్పి చూడొచ్చు.

వాస్తవం: వద్దు. లోపలి కెపాసిటర్లు 400 వోల్టులకు పైగా దాచుకుని ఉండగలవు, ప్లగ్ తీసిన చాలాసేపటి వరకూ. స్పీకర్ తీగ ఊడదీసి వాయించడం కూడా అంతే చెడ్డ పని. అందులో పోయేది ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్.

ఇక ఎంచుకోవడం. మీ గిటార్, మీ కేబుల్ పట్టుకెళ్లండి. ధ్వనిని మార్చే పెడల్స్ ఇంట్లో వదిలేయండి. ఆంప్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి, మీరు నిజంగా వాయించే వాల్యూమ్‌లోనే వినండి. స్పీకర్‌కు ఎదురుగా కూర్చోకుండా నాలుగడుగులు పక్కకు జరగండి. ఆ తర్వాత గిటార్ మీది వాల్యూమ్ సగానికి తగ్గించండి. మంచి ఆంప్ అక్కడ బయటపడుతుంది. బొంగురు తగ్గి గొంతు తేటపడాలి, దుప్పటి కప్పినట్టు మసకబారకూడదు. తగ్గించినప్పుడు మసకబారేదాన్ని ఎంత పేరున్నవాళ్లు చేసినా నేను కొనను.

కుర్రవాడి ఆంప్ సంగతికొస్తే, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ఒక పెద్దాయన పాత రేకులనే వాడి ప్రైమరీని 230 వోల్టులకు కొత్తగా చుట్టి ఇచ్చారు. ఒక 6వీ6 పోయింది, జత మార్చాను. ఫిలమెంటు దగ్గర కొలిస్తే 6.4 వోల్టులు. వాయించి చూసుకున్నాక "అన్నా, ఇంతకీ ఇది మంచి కంపెనీదేనా?" అని అడిగాడు. గిటార్ వాల్యూమ్ తగ్గించి చూడమన్నాను. తగ్గించాడు, పెంచాడు, మళ్లీ తగ్గించాడు. అరగంట దాకా మరో ప్రశ్న అడగలేదు. ఈలోపు నేను వెనక పలక మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి టేపు అతికించాను: 230 వోల్టులు, 1 ఆంపియర్ స్లో ఫ్యూజు, వెండి కాగితం నిషేధం.