ఓసీటీలో ఎర్ర రంగు పడితే నీటికాసులేనా? కంటి పరీక్షలపై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం విశాఖ మధురవాడ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మైనస్ 7 కళ్లద్దాలు. ప్లాస్టిక్ కవర్లోంచి ఓసీటీ (కంటి లోపలి పొరల స్కాన్) రిపోర్టు తీసి టేబుల్ మీద పరిచాడు. రెండు కళ్లకీ ఎర్ర ముక్కలు. "మేడమ్, నాకు చూపు పోతుందా?" అన్నాడు. రెండు రాత్రులుగా నిద్ర లేదట. ఆ టెన్షన్ చూశాకే ఇది రాయాలనిపించింది.

అపోహ: ఎరుపు వచ్చిందంటే గ్లాకోమా (నీటికాసులు, అంటే కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు) ఉన్నట్టే.

ఓసీటీ మెషీన్ జబ్బును చూడదు. కంటి నరాల పొర మందం కొలిచి, అదే వయసు ఆరోగ్యవంతుల కొలతలతో పోలుస్తుంది. వాళ్లలో నూటికి ఒక్కరికి ఉండేంత పల్చగా ఉంటే ఎరుపు వేస్తుంది. మైనస్ పవర్ బాగా ఎక్కువున్న కన్ను పొడవుగా ఉంటుంది, కాబట్టి ఆ పొర జబ్బు లేకపోయినా పల్చగా కొలతకొస్తుంది. మళ్లీ ఓసీటీ తీసినా అదే ఎరుపు పడుతుంది, ఎందుకంటే కన్ను ఆకారం మారదు కదా. అందుకే కంటి నరాన్ని నేనే స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపే మైక్రోస్కోప్) దగ్గర చూసి, ఫీల్డ్ టెస్ట్ (చుట్టూ ఎంత మేర కనిపిస్తోందో, కాంతి చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కించి చూసే పరీక్ష) చేయించాను. రెండూ బాగున్నాయి. పోల్చి చూడడానికి ఆరు నెలల తర్వాత రమ్మన్నాను.

అపోహ: టెస్టు 90 శాతం కరెక్ట్ అయితే నాకు జబ్బు ఉండే అవకాశమూ 90 శాతం.

ఎంవీపీ కాలనీలో క్యాంపు పెట్టి 1000 మందిని చూశామనుకోండి. వాళ్లలో 20 మందికి గ్లాకోమా ఉందనుకుందాం. టెస్టు ఆ 20 మందిలో 18 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేని 980 మందిలో 98 మందికి ఉందని తప్పు చెబుతుంది. మొత్తం 116 మంది కంగారుపడితే నిజంగా జబ్బున్నది 18 మందికి, అంటే నూటికి దాదాపు 16 మందికే. అదే అనుమానం బలంగా ఉన్నవాళ్లు, 1000కి 200 మందికి జబ్బుండే గుంపు అయితే? 260 మందికి పాజిటివ్, అందులో 180 నిజం, అంటే నూటికి 69. టెస్టు అదే, మెషీనూ అదే. 1763లో అచ్చయిన, ఇంగ్లండ్ గణితజ్ఞుడు థామస్ బేయస్ వ్యాసం నుంచి వచ్చిన లెక్క ఇది. "మీ ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా?" అని మేం అడిగేది ఊసుపోక కాదు.

అపోహ: ఫీల్డ్ టెస్ట్ రెండోసారి రాస్తే డబ్బుల కోసమే.

కంటి ప్రెజర్ ఎక్కువున్నవాళ్లని ఏళ్ల తరబడి గమనించిన అమెరికా అధ్యయనంలో, కొత్తగా తేడా చూపిన ఫీల్డ్ టెస్టుల్లో దాదాపు 86 శాతం మళ్లీ చేస్తే నిలబడలేదు. అలసట, కునుకు, బటన్ ఆలస్యంగా నొక్కడం, ఏదైనా కారణం కావచ్చు. ఒక్క టెస్టు చూసి జీవితాంతం కంటి చుక్కల మందు రాయడం నాకు ఇష్టం ఉండదు.

అపోహ: ప్రెజర్ నార్మల్, కాబట్టి గ్లాకోమా లేదు.

పెదజాలరిపేట నుంచి ఒకావిడ వచ్చారు. ప్రెజర్ 16. నార్మలే అని వేరేచోట పంపేశారు. కానీ వాళ్లమ్మకు నీటికాసులతో ఒక కన్ను పోయింది. ఈవిడ కంటి నరం మధ్యలో గుంట బాగా పెద్దదైంది. ఇంత అనుమానం ఉన్నప్పుడు ఒక్క మామూలు అంకె దాన్ని చెరిపేయలేదు. పైగా ఆవిడ కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) పల్చన, అలాంటి కంట్లో ప్రెజర్ ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. ఫీల్డ్ టెస్ట్‌లో పైభాగం నల్లబడి ఉంది, మళ్లీ చేసినా అక్కడే. చుక్కలు మొదలుపెట్టి, తోడబుట్టినవాళ్లని కూడా తీసుకురమ్మన్నాను. తమ్ముడు వేటకెళ్లాడు, బోటు రాగానే తీసుకొస్తానమ్మా అన్నారు.