క్లాసిక్ కారు కండిషన్, ధర: అపోహలు - వాస్తవాలు

అమ్మకానికి వచ్చిన క్లాసిక్ కార్లను పరిశీలించి విలువ కట్టడం నా పని. యజమాని అనుకున్న ధరకీ నేను రాసే ధరకీ తేడా వచ్చేది ఎక్కువగా ఈ విషయాల్లోనే.

అపోహ: కొత్తగా పెయింట్ వేయిస్తే రేటు పెరుగుతుంది.

వాస్తవం: అమ్మే ముందు హడావిడిగా వేయించిన పెయింట్ చూస్తే నాకు అనుమానమే వస్తుంది. పెయింట్ మందం కొలిచే మీటర్ ఒక ప్యానెల్ మీద 130 మైక్రాన్లు చూపించి, పక్క ప్యానెల్ మీద 1,000 దాటిందంటే కింద పుట్టీ ఉన్నట్టే. అప్పుడు దాని కింద తుప్పు దాగి ఉందేమో చూడటానికి కారును లిఫ్ట్ ఎక్కించాల్సిందే. తుప్పు మొదలయ్యేది తడి ఆరని చోట్ల: తలుపుల కింది సిల్స్, ఫ్లోర్, చక్రాల పైనుండే ఆర్చ్‌ల లోపలి అంచులు, బ్యాటరీ ట్రే, ముందు అద్దం కింది భాగం. ఇంజిన్ పాడైతే విప్పి బాగుచేయొచ్చు, ఖర్చూ కొంతవరకు అంచనాకు అందుతుంది. విడిగా షాసీ లేకుండా బాడీయే బరువు మోసే కారులో సిల్స్‌ను తుప్పు తినేస్తే మాత్రం, ఎంత రేకు మార్చాలో కోసి చూసేదాకా తెలియదు. ఒకే మోడల్ కార్లు రెండుంటే, చక్కగా నడిచే తుప్పు కారు కంటే, స్టార్ట్ కాకపోయినా బాడీ గట్టిగా ఉన్నదానికే నేను ఎక్కువ రాస్తాను.

అపోహ: రిస్టోర్ చేయని, అంటే బాగుచేయించి పాత రూపానికి తేని, కారుకు ధర రాదు.

వాస్తవం: 2015లో ప్యారిస్‌లో ఆర్ట్‌క్యూరియల్ సంస్థ వేలంలో ఒక ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ పైన దుమ్ము కూడా దులపకుండానే సుమారు 1.63 కోట్ల యూరోలు పలికింది. 2023లో కాలిపోయి నుజ్జయిన ఫెరారీ 500 మొండియాల్ 18.75 లక్షల డాలర్లకు పోయింది. అక్కడ కొన్నది రేకును కాదు, ఆ షాసీ నంబర్‌నూ దాని వెనకున్న చరిత్రనూ. ఇది చదివి షెడ్డులోని మామూలు సెడాన్‌కు ఆశ పెట్టుకోకండి. వేలల్లో తయారైన మోడల్‌ తుప్పుపట్టి ఉంటే అది తుప్పు కారే. అరుదైన కారైనా, మామూలు కారైనా, పుట్టినప్పటి ఇంజిన్ అందులోనే ఉందా అన్నది మాత్రం చూస్తారు. ఇంజిన్ నంబర్ ఫ్యాక్టరీ రికార్డుతో కలవకపోతే పైమెరుపు ఎంతున్నా బేరం కిందికే.

అపోహ: రిస్టోరేషన్‌కు పెట్టిన ఖర్చంతా తిరిగొస్తుంది.

వాస్తవం: చాలా మోడళ్లకు రాదు. బిల్లులు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు దాచి ఉంచితే కొంతైనా వస్తుంది.

అపోహ: తక్కువ తిరిగిన కారు ఎప్పుడూ మేలు.

వాస్తవం: తిరిగిన దూరం చూపే అయిదంకెల మీటర్ 99,999 దాటితే మళ్లీ సున్నా నుంచే మొదలవుతుంది కాబట్టి ఆ అంకెను ఒంటరిగా నమ్మను. అది నిజమే అనుకున్నా, ఏళ్లతరబడి కదలని కారులో పెట్రోల్ జిగురై కార్బురేటర్‌ను మూసేస్తుంది, బ్రేక్ సిలిండర్లు పట్టేస్తాయి, రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి. టైరు పక్కన ఉండే నాలుగంకెల కోడ్ చూడండి: 2318 అంటే 2018లో 23వ వారం తయారీ. పైన అరుగుదల లేకపోయినా అంత పాత టైర్లు మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.