మట్టిగోడలో గడ్డి, సిమెంటులో ప్లాస్టిక్

శ్రీకాకుళం పల్లెల్లో మట్టిగోడలు పెట్టినవారు బురద తొక్కేటప్పుడు వరిగడ్డి తరిగి కలిపేవారు. ఎండుతున్న మట్టి కుంచించుకుని పగులు వారితే, ఆ పోచలే రెండు అంచులనూ పట్టి ఉంచేవి. పారేసిన ప్లాస్టిక్‌ను సిమెంటులో ఏ రూపంలో కలపాలన్న ప్రశ్నకు నాకు ఆ గోడే గుర్తొస్తుంది.

నాగావళి, వంశధార ఇసుకకు బదులు ప్లాస్టిక్ తురుము వేయవచ్చు కదా అనిపించడం సహజం. ఇసుక సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.65 గ్రాములైతే, నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్‌ది 1.38, బస్తాలు నేసే పాలీప్రొపిలీన్‌ది 0.9 మాత్రమే కనుక, కాంక్రీటు తేలికవుతుంది, వేడిని కూడా తక్కువగా సాగనిస్తుంది. అయితే ప్లాస్టిక్ ఇసుకలా తడవదు. తురుము చుట్టూ నీరు పేరుకుని, ముద్ద గట్టిపడ్డాక అక్కడ బోలు మిగులుతుంది, సిమెంటు దాన్ని కరచి పట్టుకోదు. పైగా అది రాతి రేణువుకంటే ఎంతో మెత్తన. తురుము పాలు పెరిగేకొద్దీ కాంక్రీటు బరువు మోసే బలం తగ్గుతూ పోతుంది. నడకదారి పలకలకు సరే గాని, ఇంటి స్తంభాలకు నేను ఒప్పుకోను.

తురుముగా కాక, ప్లాస్టిక్‌ను సన్నని పోగులుగా కలిపితే సంగతి వేరు. పోసిన మొదటి గంటల్లో ఎండకూ గాలికీ పైతడి త్వరగా ఆరిపోతే, ఇంకా బలం పుంజుకోని ముద్దలో సన్నని పగుళ్లు పుడతాయి. పాలీప్రొపిలీన్ పోగులు వాటిని అదుపు చేస్తాయి. (సిమెంటు వచ్చే నేత బస్తా కూడా ఆ పదార్థమే.) సిమెంటులోని తీవ్రమైన క్షారం పెట్‌ను నెమ్మదిగా తినేస్తుంది, పాలీప్రొపిలీన్‌ను ముట్టుకోదు. అందుకే ఎంత కలిపామన్నదానికంటే ఏది కలిపామన్నది ముఖ్యం. మామూలు మోతాదు ఘనమీటరుకు సుమారు 900 గ్రాములు; అంటే వెయ్యి చదరపు అడుగుల, ఐదంగుళాల మందపు స్లాబుకు పట్టేది 11 కిలోల లోపే. ఇళ్లు కట్టి చెత్తదిబ్బలు కరిగిద్దామనుకునేవారు ఈ లెక్క ముందు చూసుకోవాలి.

భావనపాడు, కళింగపట్నం వంటి తీర గ్రామాల్లో చిరిగిన నైలాన్ వలలు కూడా పోగులే. అలాంటి వలలను ముక్కలు చేసి కలిపి చూసిన ప్రయోగాలలో, సిమెంటు ముద్ద పగిలిన తరువాత కూడా ఒక్కసారిగా విడిపోకుండా కొంత బరువు మోసింది. కాకపోతే వలకు పట్టిన సముద్రపు ఉప్పును మంచినీటితో పూర్తిగా కడగాలి, లేకుంటే అందులోని క్లోరైడ్ లోపలి ఇనుప కడ్డీలకు తుప్పు పట్టిస్తుంది.